మా పిల్లలకి పాత బేస్‌బాల్ కార్డుల ఇంట్రెస్ట్ ఎలా వచ్చిందంటే (నా అనుభవం)

మాది న్యూజెర్సీ. మా చిన్నోడు లిటిల్ లీగ్‌లో (పిల్లల బేస్‌బాల్) చేరిన దగ్గర్నుంచి ఇంట్లో బేస్‌బాల్ కార్డులు మొదలయ్యాయి. అన్నీ కొత్తవే, షాపుల్లో సీల్ చేసిన ప్యాకెట్లలో వస్తాయే అవి. ప్యాకెట్ చింపడం, లోపల తళతళలాడేది ఏమన్నా వచ్చిందా అని చూడ్డం, నా ఫోన్ లాక్కుని అది ఎంత పలుకుతుందో వెతకడం, ఏమీ పలకదని తెలిస్తే సోఫా కిందకి తోసేయడం. కార్డు మీదున్న మనిషి పేరు కూడా చదివేవాడు కాదు. పెద్దదానికి పదకొండేళ్ళు, దానికైతే ఆటా పట్టదు, కార్డులూ పట్టవు. నాకు ఇది అస్సలు నచ్చలేదు. డబ్బు గురించి కాదు, ఎనిమిదేళ్ళ పిల్లాడు ప్రతి వస్తువునీ రేటు పెట్టి చూడ్డం నాకు బాధగా అనిపించింది. మేం చిన్నప్పుడు తెనాలిలో బిగ్ ఫన్ బబుల్‌గమ్ కొనుక్కుని అందులో క్రికెట్ కార్డులు దాచుకున్నట్టు, వీళ్ళు కూడా ఒక కార్డుని ఇష్టంగా దాచుకుంటే చూడాలని ఉండేది.

దారి చూపించింది మా పక్కింటి పెద్దాయన. ఎనభైకి దగ్గరగా ఉంటాయి, బ్రూక్లిన్‌లో పుట్టి పెరిగినాయన. ఒకరోజు చిన్నోడు మెట్ల మీద కూర్చుని ప్యాకెట్లు చింపుతుంటే చూసి, ఉండు అని లోపలికెళ్ళి ఒక షూ డబ్బా తెచ్చారు. అందులో 1950ల నాటి కార్డులు. మూలలు గుండ్రంగా అరిగిపోయి, మధ్యలో మడత పడి, ఒకదాని మీదైతే బట్టల క్లిప్ పెట్టిన గుర్తు, ఎందుకంటే అప్పట్లో పిల్లలు కార్డుల్ని సైకిల్ చక్రం పుల్లలకి తగిలేలా క్లిప్ పెట్టి తొక్కేవాళ్ళట, మోటార్‌సైకిల్ సౌండ్ కోసం. మిగతావన్నీ ఆయన ఆర్మీకి వెళ్ళినప్పుడు వాళ్ళమ్మ పారేసిందట. చిన్నోడు అడిగిన మొదటి ప్రశ్న "హౌ మచ్ ఈజ్ ఇట్ వర్త్?" అనే. ఆయన నవ్వి, ముందు వెనక్కి తిప్పి చదువు, తర్వాత చెప్తా అన్నారు. వాడు తిప్పాడు. టాప్స్ అనే కంపెనీ 1956లో వేసిన కార్డు అది, అడ్డంగా ఉంటుంది, ముందు ఆ ప్లేయర్ ముఖం పెద్దగా, పక్కనే ఆడుతున్న బొమ్మ, వెనకేమో మూడు గళ్ళలో చిన్న కార్టూన్ కథ, ఆ ప్లేయర్ జీవితంలోవే మూడు సంగతులు. వాడు మూడూ చదివాడు, తర్వాత ఇంకోటి తీసుకున్నాడు. డబ్బాలో సగం అయ్యేదాకా రేటు ఊసెత్తలేదు. నాకు అక్కడే అర్థమైంది, పిల్లల్ని పట్టుకునేది కార్డు వెనక వైపు అని.

అప్పటికి నాకు బేస్‌బాల్ అంటే ఏమీ తెలీదు. చిన్నోడి మ్యాచ్‌లకి వెళ్ళి అందరూ చప్పట్లు కొడితే కొట్టడమే. కాబట్టి నేనూ వాళ్ళతో పాటే నేర్చుకోవడం మొదలుపెట్టా. లైబ్రరీ నుంచి పుస్తకాలు తెచ్చా, పెద్దాయన్ని అడిగా. ఇక్కడి మా ఊరికి దగ్గరి ప్లేయర్ ఎవరన్నా ఉన్నారా అంటే ఆయన చెప్పిన పేరు ల్యారీ డోబీ. జాకీ రాబిన్సన్ పేరు పిల్లలకి స్కూల్లోనే చెప్తారు, 1947 ఏప్రిల్ 15న బ్రూక్లిన్ డాడ్జర్స్ తరఫున దిగి, బేస్‌బాల్‌లో అన్నిటికంటే పై స్థాయి అయిన మేజర్ లీగ్‌లో నల్లవాళ్ళని ఆడనివ్వకుండా అన్నేళ్ళు ఆపిన గీతని చెరిపేసినాయన. కానీ అదే ఏడాది జులై 5న అమెరికన్ లీగ్‌లో (మేజర్ లీగ్‌లో ఉన్న రెండు లీగుల్లో ఒకటి) మొదటి నల్లజాతి ఆటగాడిగా క్లీవ్‌ల్యాండ్ తరఫున దిగింది డోబీ, ఆయన హైస్కూల్ చదివింది మా రాష్ట్రంలోనే, ప్యాటర్సన్‌లో. రెండోవాడు కాబట్టి ఎవరూ పెద్దగా చెప్పుకోరు గానీ ఆయన పడ్డ అవమానాలు ఏమీ తక్కువ కాదు.

డోబీ కార్డు వేట మాకు మొదటి కార్డ్ షో చూపించింది. ఇక్కడ వీకెండ్‌లో హోటల్ హాళ్ళల్లో, ఫైర్ స్టేషన్ల హాళ్ళల్లో పెడుతుంటారు, టేబుళ్ళ మీద అద్దాల పెట్టెల్లో ఖరీదైనవి, టేబుల్ చివర్న అట్టపెట్టెల్లో డాలర్ కార్డులు, రెండు డాలర్ల కార్డులు. పిల్లలు అద్దాల పెట్టెల దగ్గర నిలబడితే ముందుకి లాగేయండి, అట్టపెట్టెల దగ్గర కూర్చోబెట్టండి. చెరో ఇరవై డాలర్లు వాళ్ళ చేతికే ఇచ్చా, ఏం కొన్నా నేను అడగను అని ముందే చెప్పా, బేరం కూడా వాళ్ళే ఆడాలి అన్నా. పెద్దది సిగ్గుపడి నా వెనక నక్కింది, చిన్నోడు మాత్రం తిన్నగా వెళ్ళి "ఈ మూడూ కలిపి తీసుకుంటే ఎంతకిస్తారు" అని అడిగేశాడు. చాలామంది అమ్మేవాళ్ళు పాత కార్డులు అడిగే పిల్లల్ని చూస్తే మురిసిపోతారు, అది నేను కళ్ళారా చూశా, ఒకాయన వాడికి 1960ల నాటి కార్డు ఒకటి ఊరికే చేతిలో పెట్టి పంపాడు. అదే షోలో పెద్దదానికి డోబీ దొరికాడు. 1957 టాప్స్, అప్పటికి ఆయన షికాగో వైట్ సాక్స్‌లో ఉన్నాడు. మూల ఒకటి విరిగింది, ముందు సన్నటి మడత. ఆ మడత వల్లే మా బడ్జెట్‌లోకి వచ్చింది.

ఈ 1957 సెట్ (అంటే ఆ ఏడాది టాప్స్ వేసిన కార్డులన్నీ) గురించి కొంచెం చెప్పాలి. ఇప్పుడు మనం చూసే సైజు, అంటే రెండున్నర అంగుళాల వెడల్పు మూడున్నర అంగుళాల పొడవు, టాప్స్ వాళ్ళు మొదలుపెట్టింది ఆ ఏడాదే, అంతకు ముందు 1952 నుంచి 56 దాకా కార్డులు కొంచెం పెద్దవి. వెనక ఏడాదివారీ లెక్కలు వేయడం కూడా అప్పట్నుంచే, అంతకు ముందు పోయిన సీజన్ లెక్కా, మొత్తం లెక్కా మాత్రమే వేసేవాళ్ళు. ఆ రాత్రి పెద్దది డైనింగ్ టేబుల్ దగ్గర కార్డు పెట్టుకుని కూర్చుంది. డోబీ మొదటి ఏడాది, 1947, 32 అట్ బ్యాట్స్ (లెక్కలోకి వచ్చే బ్యాటింగ్ ఛాన్సులు), 5 హిట్స్ (బంతి కొట్టి బేస్ చేరినవి). "అమ్మా, 5 బై 32 అంటే .156, అంటే చాలా చెత్తగా ఆడాడు కదా" అంది. తర్వాత ఏడాది చూడు అన్నా. 1948లో .301, ఆ ఏడాది క్లీవ్‌ల్యాండ్ వరల్డ్ సిరీస్ (ఛాంపియన్ ఎవరో తేల్చే ఫైనల్) కూడా గెలిచింది. పెద్దది కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మొదటి ఏడాది ఆయనతో ఎవరన్నా మాట్లాడారా అసలు?" అని అడిగింది. మొదటి రోజు కొంతమంది టీమ్‌మేట్స్ షేక్‌హ్యాండ్ కూడా ఇవ్వలేదని చెప్పా. ఒక చిన్న అట్టముక్క మీదున్న రెండు అంకెల్లోంచి పిల్ల ఆ ప్రశ్న తీసింది, నేను కూర్చోబెట్టి పాఠం చెప్పి ఉంటే అడిగేదా అని నాకు అనుమానమే.

ఆ తర్వాత మేమంతా ప్యాటర్సన్‌లో హించ్‌లిఫ్ స్టేడియం చూడ్డానికి వెళ్ళాం. 1932లో కట్టింది, పసాయిక్ నది జలపాతం పక్కనే ఉంటుంది, నల్లజాతి ఆటగాళ్ళకి వేరేగా ఉన్న నీగ్రో లీగ్స్ మ్యాచ్‌లు జరిగిన స్టేడియంలలో ఇంకా నిలబడి ఉన్నవి చాలా తక్కువ, వాటిలో ఇదొకటి. ఏళ్ళ తరబడి పాడుబడి ఉన్నదాన్ని బాగుచేసి 2023లో మళ్ళీ తెరిచారు. డోబీ స్కూల్ రోజుల్లో ఆడింది అక్కడే. పెద్దది టాప్‌లోడర్‌లో (గట్టి ప్లాస్టిక్ కవర్) పెట్టిన కార్డు బ్యాగ్‌లో తీసుకొచ్చింది, బయటికి తీసి గ్రౌండ్ వైపు పట్టుకుని ఫొటో తీసుకుంది. పిల్లల్ని కార్డుల్లోకి దింపాలనుకునేవాళ్ళకి నేను గట్టిగా చెప్పేది ఇదే, మీరున్న ఊరికి దగ్గరి ప్లేయర్ ఒకర్ని వెతకండి, ఆ మనిషి నడిచిన చోటికి తీసుకెళ్ళండి.

చిన్నోడి దారి వేరు. వాడికి జీవిత కథలు అంత ఎక్కవు. వాడికి దొరికిన నిధి ఏంటంటే తప్పులున్న కార్డులు. 1957లో హ్యాంక్ ఆరన్ అనే పెద్ద స్టార్ ఫొటోని అద్దంలో చూసినట్టు తిరగేసి అచ్చేశారు, కుడిచేత్తో ఆడే మనిషి ఎడమచేత్తో ఆడుతున్నట్టు ఉంటాడు, షర్ట్ మీద 44 కూడా తిరగబడి ఉంటుంది. 1959లో లూ బర్డెట్ అనే పిచ్చర్ (మన బౌలర్ లాంటివాడు), కుడిచేత్తో బంతి వేసేవాడు, ఫొటోగ్రాఫర్‌ని ఆట పట్టించడానికి గ్లవ్ కుడిచేతికి తొడుక్కుని ఎడమచేత్తో వేస్తున్నట్టు నిలబడితే టాప్స్ వాళ్ళు కనిపెట్టకుండా అలాగే అచ్చేసేశారు. 1969లో ఒరేలియో రోడ్రిగెజ్ కార్డు మీద ఉన్నది అసలు రోడ్రిగెజ్ కాదు, టీమ్‌కి బ్యాట్లు అందించే కుర్రాడు, బ్యాట్‌బాయ్! ఇది వినగానే చిన్నోడు పడీపడీ నవ్వాడు, తర్వాత ఆ కార్డు కావాలని పేచీ. మంచి సంగతేంటంటే ఆ రోడ్రిగెజ్ కార్డు పెద్ద ఖరీదేం కాదు, కొంచెం నలిగింది తీసుకుంటే పిల్లల పాకెట్ మనీలో వచ్చేస్తుంది. ఆరన్ 57 మాత్రం మా వల్ల కాదు, దాన్ని షోల్లో అద్దం లోంచే చూస్తాడు. వాడి దగ్గర ఇప్పుడు "తప్పుల ఆల్బమ్" అని వేరే ఉంది, ఏ ఫ్రెండ్ ఇంటికొచ్చినా ముందు అదే చూపిస్తాడు, ఇందులో తప్పేంటో కనిపెట్టు అంటాడు.

హ్యాంక్ ఆరన్ పాత కార్డులు కొనలేకపోయినా వాటిని చూపించే దారి ఒకటుంది, ఇది చాలామందికి తెలీదు. 1974 టాప్స్ సెట్‌లో ఒకటో నంబర్ కార్డు ఆయనదే, ఆల్‌టైమ్ హోమ్‌రన్ కింగ్ అని. 1973 సీజన్ అయిపోయేసరికి ఆయన 713 హోమ్‌రన్‌ల (క్రికెట్ సిక్సర్ లాంటివి) దగ్గర ఉన్నాడు, పాతతరం స్టార్ బేబ్ రూత్ రికార్డు 714. అంటే రికార్డు ఇంకా బద్దలవకుండానే టాప్స్ వాళ్ళు కార్డు వేసేశారు! 1974 ఏప్రిల్ 8న అట్లాంటాలో 715 కొట్టాడు, కార్డు నిజమైంది. ఆ సెట్‌లోనే 2 నుంచి 6 దాకా ఉన్న కార్డుల్లో ఆయన 1954 నుంచి వచ్చిన పాత టాప్స్ కార్డులన్నీ చిన్నచిన్న బొమ్మలుగా వేశారు. వేల డాలర్ల రూకీ కార్డు (ఆయన మొట్టమొదటి కార్డు) కూడా అందులో బుల్లి సైజులో ఉంటుంది. పిల్లలకి చిన్న ఖర్చుతో ఒక మనిషి ఇరవై ఏళ్ళ ప్రయాణం చేతిలోకి వస్తుంది. ఆ రికార్డు దగ్గర పడుతున్నకొద్దీ ఆయనకి వచ్చిన బెదిరింపు ఉత్తరాల గురించి కూడా చెప్పా, పెద్దదానికి పూర్తిగా, చిన్నోడికి కొంచెం తగ్గించి.

పెద్దదానికి ఇంకో మనిషి బాగా దగ్గరయ్యాడు, రొబెర్టో క్లెమెంటే. ప్యూర్టో రికో నుంచి వచ్చి పిట్స్‌బర్గ్ పైరేట్స్‌కి ఆడినాయన. 1957 నుంచి 1969 దాకా టాప్స్ కార్డుల మీద ఆయన పేరు "బాబ్ క్లెమెంటే" అనే వేశారు. ఆయనకేమో రొబెర్టో అనిపించుకోవడమే ఇష్టం. 1970లో గానీ కార్డు మీదకి ఆయన పేరు ఆయనకి తిరిగి రాలేదు. మా అమ్మాయి పేరుని స్కూల్లో రెండక్షరాలకి కత్తిరించి పిలుస్తారు, అది ఇంటికొచ్చి ఎన్నోసార్లు గొణిగింది కూడా. పుట్టినరోజుకి ఏం కావాలే అంటే 1969 క్లెమెంటే కావాలంది, బాబ్ అని ఉన్నదే. బాగా అరిగిన కార్డు ఒకటి కొనిచ్చాం, అది మా ఇంట్లో ఉన్నవాటిలో కొంచెం ఖరీదైనదే. ఆల్బమ్‌లో పెట్టి దాని కింద తెల్ల కాగితం మీద తన చేత్తో రొబెర్టో అని పెద్దక్షరాలతో రాసి అతికించింది. 1972 డిసెంబర్ 31న నికరాగ్వా భూకంప బాధితులకి సామాన్లు తీసుకెళ్తూ విమానం కూలి ఆయన చనిపోయాడు, కెరీర్ మొత్తం హిట్స్ సరిగ్గా 3000. అది చెప్పిన రోజు పిల్లలిద్దరూ అన్నం సరిగ్గా తినలేదు.

మా నాన్నగారు తెనాలి నుంచి వచ్చినప్పుడు సీన్ ఇంకా బావుంది. ఆయనకి స్టాంపుల పిచ్చి ఉండేది, ఇప్పటికీ ఆల్బమ్‌లున్నాయి. మొదట "ఈ అట్టముక్కలకి డాలర్లు పోస్తున్నారేంటమ్మా" అన్నారు గానీ రెండో రోజుకే కళ్ళజోడు పెట్టుకుని పిల్లలతో పాటు కింద కూర్చున్నారు. ఆయన పుట్టింది 1954లో, పిల్లలు వెతికి 1954 కార్డు ఒకటి, ఎవరో పెద్దగా పేరు లేని ప్లేయర్‌ది, తెచ్చి "తాతయ్యా ఇది నీ వయసుది" అని ఇచ్చారు. ఎంత సంతోషపడ్డారో. పుట్టిన ఏడాది కార్డు అనేది ఎవరికైనా పనిచేసే చిట్కా, మా ఆయనకి, నాకు కూడా కొనిపెట్టారు. మా నాన్నకి క్రికెట్ యావరేజ్ తెలుసు గానీ ఈ యావరేజ్ అర్థం కాలేదు, .300 అంటే గొప్ప ఏంటి, పదిలో ఏడుసార్లు ఫెయిలైనట్టేగా అన్నారు. చిన్నోడు కాగితం తీసుకుని, క్రికెట్‌లో పరుగుల్ని ఔట్‌లతో భాగిస్తారు తాతయ్యా, ఇక్కడ హిట్స్‌ని అట్ బ్యాట్స్‌తో భాగిస్తారు అని విడమర్చి చెప్పాడు, అదీ తెలుగులో, మధ్యమధ్యలో ఇంగ్లీష్ పడినా సరే. వాడు ఒకే విషయం మీద అంతసేపు తెలుగు మాట్లాడటం నేను అంతకుముందు వినలేదు.

దాచడం గురించి. తాతయ్య పెట్టిన రూల్సే మా ఇంట్లో నడుస్తున్నాయి. చేతులు కడుక్కోకుండా ముట్టుకోకూడదు, ఆవకాయన్నం తిన్న రోజు అయితే రెండుసార్లు సబ్బుతో. అంచులు పట్టుకోవాలి, బొమ్మ మీద వేలు పెట్టకూడదు. రబ్బర్‌బ్యాండ్ వేయకూడదు, అంచులు కోసుకుపోతాయి. ఒక్కో కార్డు ముందు పల్చటి ప్లాస్టిక్ కవర్, అదే పెన్నీ స్లీవ్‌లో, తర్వాత గట్టి టాప్‌లోడర్‌లో, మామూలువైతే తొమ్మిది అరల షీట్లలో పెట్టి బైండర్‌లో. 1952 నుంచి 56 దాకా పెద్ద సైజువి తొమ్మిది అరల్లో పట్టవు, బలవంతంగా దూరిస్తే మూలలు పోతాయి, వాటికి ఎనిమిది అరల షీట్లు వేరే దొరుకుతాయి. ఎండ తగిలే గోడకి, బేస్‌మెంట్ తేమకి దూరంగా. కార్డు ఎంత బాగుందో చూసి మార్కులేసే గ్రేడింగ్‌కి పంపించి ప్లాస్టిక్ డబ్బాలో సీల్ చేయించడం మేం చేయం. ఖరీదైనవాటికి అది అవసరమే, ఒప్పుకుంటా, కానీ పిల్లలు తిప్పి చదవాలి, వాసన చూడాలి, నాకు అదే ముఖ్యం.

నకిలీల సంగతి కూడా పిల్లలకి ఆటలాగే నేర్పొచ్చు. పది రెట్లు పెద్దగా చూపించే చిన్న భూతద్దం కొనిచ్చా. పాత కార్డు బొమ్మలో రంగులు చుక్కలు చుక్కలుగా కనిపిస్తాయి, కానీ నల్లక్షరాలు, నల్ల గీతలు మాత్రం చుక్కల్లేకుండా నిండుగా ఉండాలి. పాత కార్డుని స్కాన్ చేసి ప్రింట్ తీసినదైతే అక్షరాలు కూడా చుక్కలుగా విడిపోతాయి. రీప్రింట్లు అన్నీ మోసం కాదు, టాప్స్ కంపెనీయే 1983లో తమ 1952 సెట్‌ని మళ్ళీ అచ్చేసింది. నిజం అని చెప్పి అమ్మితేనే తప్పు. ఇప్పుడు షోకి వెళ్తే చిన్నోడు ఏ కార్డునైనా ముందు భూతద్దంలో చూశాకే రేటు అడుగుతాడు.

రేట్ల కథలు నేను దాచలేదు, కాకపోతే ఆలస్యంగా చెప్పా. 1952 టాప్స్ సెట్‌లోని మిక్కీ మ్యాంటిల్ అనే స్టార్ ప్లేయర్ కార్డు 2022లో 12.6 మిలియన్ డాలర్లకి అమ్ముడైందని, అదే 1952 సెట్‌లో అమ్ముడుపోకుండా మిగిలిన కార్డుల్ని ఆ సెట్ తయారుచేసిన సై బర్గరే 1960లో ఓడలో తీసుకెళ్ళి అట్లాంటిక్‌లో పారబోయించాడని చెప్తే ఇద్దరూ నోళ్ళు తెరిచారు. తర్వాత న్యూయార్క్‌లో మెట్ (మెట్రోపాలిటన్) మ్యూజియంకి తీసుకెళ్ళి జెఫర్సన్ బర్డిక్ ఇచ్చిన కార్డులు చూపించా, ఒకేసారి అన్నీ పెట్టరు, కొన్నే మార్చి మార్చి పెడతారు. బేస్‌బాల్ కార్డులే ముప్పై వేలకి పైగా, మిగతా రకాల కార్డులూ కాగితాలూ కలిపితే మూడు లక్షలు దాటిన కలెక్షన్ ఊరికే ఇచ్చేసినాయన, కీళ్ళవాతంతో చేతులు వంగిపోయినా మ్యూజియంకి వచ్చి కూర్చుని తనే ఆల్బమ్‌లలో అతికించి, 1963 జనవరిలో పని పూర్తిచేసి, ఆ మార్చిలోనే చనిపోయాడు. మ్యాంటిల్ కథ కంటే ఇదే మా పెద్దదానికి ఎక్కువ గుర్తుంది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు 1970ల కార్డులతో మొదలుపెట్టండి, చవగ్గా దొరుకుతాయి. 1975 సెట్ అయితే అంచులు రెండేసి రంగుల్లో ఉంటాయి, పిల్లలు వెంటనే చెయ్యి పెడతారు. 1971వి నల్ల అంచులు, చూడ్డానికి అందంగా ఉంటాయి గానీ కాస్త తగిలినా తెల్లగా లేస్తాయి, చిన్నపిల్లలకి అప్పుడే వద్దు. ఎవరి ఆల్బమ్ వాళ్ళదే అని చెప్పండి, ఏం పోగెయ్యాలో వాళ్ళనే తేల్చుకోనివ్వండి. కొత్త ప్యాకెట్లు మా ఇంట్లో పూర్తిగా ఆగిపోలేదు, అప్పుడప్పుడు కొంటాడు, కాకపోతే ఇప్పుడు పేరు చదువుతాడు. వచ్చే షోలో లూ బర్డెట్ 1959 కావాలట, దానికోసం తన దగ్గర రెండు కాపీలున్న 1975 కార్డులన్నీ పక్కన తీసి పెట్టుకున్నాడు, మార్పిడికి ఒప్పుకుంటారా లేదా అని రోజూ నన్నే అడుగుతున్నాడు.